ఒకే రౌటర్‌తో వీలాన్‌ల మధ్య దారి వేయడం ఎలా: తిరుపతి లాడ్జి ఉదాహరణతో

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికీ రైల్వే స్టేషనుకూ మధ్యనున్న వీధుల్లో నలభై గదుల లాడ్జి ఒకటి ఉందనుకోండి. రిసెప్షన్‌లో బిల్లింగ్ కంప్యూటర్లు, ప్రతి అంతస్తులో యాత్రికుల కోసం వైఫై, మెట్ల దగ్గరా వాకిట్లోనూ కెమెరాలు, లోపలి గదిలో వాటి దృశ్యాలను భద్రపరిచే ఎన్వీఆర్ ఉంటాయి. ఇవన్నీ ఒకే స్విచ్‌కు (నెట్‌వర్క్ కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టెకు), ఒకే నెట్‌వర్క్‌లో కలిసి ఉంటే, గదిలో దిగిన ఎవరైనా తన ఫోనులో ఒక స్కానింగ్ యాప్ తెరిచి, బిల్లింగ్ కంప్యూటరునూ కెమెరాల లాగిన్ పేజీనీ చూడగలుగుతారు. కుటుంబంతో దర్శనానికి వచ్చినవారు మనల్ని నమ్మి గది తీసుకుంటారు కాబట్టి, ఈ స్థితిని ఒక్క రోజు కూడా ఉండనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. స్విచ్‌ను వీలాన్‌లుగా, అంటే ఒకదానికొకటి కనిపించని విడి నెట్‌వర్క్‌లుగా, విభజిస్తే ఈ మూడూ వేరవుతాయి. అయితే విడదీసిన తరువాత రిసెప్షన్‌లో కూర్చున్నవారికి కెమెరాలు కనిపించాలి, అందరికీ ఇంటర్నెట్ అందాలి. అంటే వీలాన్‌ల మధ్య ఎవరో ఒకరు దారి చూపాలి. ఆ పనిని ఒకే రౌటర్, ఒకే కేబుల్‌తో చేయించే పద్ధతిని ‘రౌటర్ ఆన్ ఎ స్టిక్’ అంటారు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. వీలాన్‌లు గోడలు కడతాయి, రౌటర్ ఆ గోడలకు తలుపులు పెడుతుంది, ఆ తలుపులు మొదట అన్ని వైపులా తెరిచే ఉంటాయి. రౌటింగ్ పనిచేసిన క్షణం నుంచి, ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో మీరు యాక్సెస్ లిస్టులతో చెప్పేదాకా, వీలాన్‌లుగా విడదీసిన ప్రయోజనం చాలావరకు పోయినట్టే. అందువల్ల ఈ పనిలో రౌటింగ్ సగమే, మిగిలిన సగం యాక్సెస్ లిస్టులది. రెండూ పూర్తయ్యాకే నెట్‌వర్క్‌ను వాడుకలోకి వదలండి.

కింద సిస్కో కంపెనీ పరికరాల కమాండ్లను ఉచ్చారణ ప్రకారం తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కీబోర్డుపై వాటిని ఇంగ్లీషు స్పెల్లింగులోనే టైపు చేయాలి.

కేబుల్‌పై జరిగేది

రిసెప్షన్ కంప్యూటరు వీలాన్ 10లో, ఎన్వీఆర్ వీలాన్ 30లో ఉన్నాయనుకుందాం. ఎన్వీఆర్ చిరునామా తన సబ్‌నెట్‌లోది, అంటే తన చిరునామాల గుంపులోది, కాదని కంప్యూటరు గ్రహించి, ప్యాకెట్‌ను (పంపవలసిన సమాచారపు మూటను) తన గేట్‌వేకు, అంటే రౌటర్‌కు పంపుతుంది. స్విచ్ ఆ ప్యాకెట్‌ను మోసే ఫ్రేమ్‌ను రౌటర్ వైపు వదిలేటప్పుడు దానికి 4 బైట్ల ట్యాగ్ తగిలించి, అందులో 10 అనే అంకె రాస్తుంది. రౌటర్ ట్యాగ్‌ను చదివి తీసేసి, టీటీఎల్‌ను (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకెను) ఒకటి తగ్గించి, తన రౌటింగ్ టేబుల్ చూసి, అదే ప్యాకెట్‌ను కొత్త మ్యాక్ అడ్రస్‌లతో (పరికరాల హార్డ్‌వేర్ చిరునామాలతో), ఈసారి 30 అనే ట్యాగ్‌తో, వచ్చిన కేబుల్ మీదుగానే వెనక్కి పంపుతుంది. స్విచ్ ఆ ట్యాగ్‌ను విప్పి ఎన్వీఆర్ పోర్టుకు చేరవేస్తుంది. ఎన్వీఆర్‌కు గాని, కంప్యూటరుకు గాని ట్యాగ్ ఉన్న సంగతే తెలియదు.

ఈ ట్యాగ్‌ను నిర్వచించిన ప్రమాణం ఐఈఈఈ 802.1క్యూ, దీని మొదటి ప్రచురణ 1998లో వచ్చింది. వీలాన్ సంఖ్యకు ఇందులో 12 బిట్లు ఉన్నాయి కాబట్టి 4096 విలువలు సాధ్యమవుతాయి. వాటిలో 0, 4095 వాడుకకు రావు. ట్యాగ్ వల్ల ఫ్రేమ్ గరిష్ఠ పరిమాణం 1518 నుంచి 1522 బైట్లకు పెరుగుతుంది. కొన్ని పాత పరికరాలు ఆ నాలుగు బైట్ల అదనాన్ని భరించలేక పెద్ద ఫ్రేమ్‌లను పారేస్తాయి. పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష) పనిచేస్తూ వెబ్ పేజీలు మాత్రం తెరుచుకోకపోతే ఈ కారణాన్ని కూడా అనుమానించాలి.

కాగితం మీద చేయవలసిన పని

మీకు కావలసినవి మూడు: వీలాన్‌లు తెలిసిన మేనేజ్డ్ స్విచ్, సబ్‌ఇంటర్‌ఫేస్‌లు (ఒకే పోర్టును వీలాన్‌కొకటి చొప్పున విడదీసిన ఉపభాగాలు) చేయగల రౌటర్, రెండింటినీ కలిపే మంచి కేబుల్. సాదా స్విచ్‌తో ఈ పని కాదు. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే చిన్న పెట్టెలు చాలావాటిలో సబ్‌ఇంటర్‌ఫేస్‌లకు వీలుండదు కాబట్టి, దాన్ని ఇంటర్నెట్ వైపే ఉంచి, దాని వెనుక మీ రౌటర్‌ను పెట్టండి.

మన లాడ్జికి ఈ విభజన సరిపోతుంది. ఆఫీసుకు వీలాన్ 10, చిరునామాలు 192.168.10.0/24. అతిథులకు వీలాన్ 20, చిరునామాలు 192.168.20.0/23. కెమెరాలకు వీలాన్ 30, చిరునామాలు 192.168.30.0/24. స్విచ్‌ను, రౌటర్‌ను నిర్వహించడానికి వీలాన్ 99, చిరునామాలు 192.168.99.0/24. ప్రతిదానిలో మొదటి చిరునామా, అంటే .1, రౌటర్‌ది. గీత తరువాతి అంకె ఆ చిరునామాల గుంపు ఎంత పెద్దదో చెబుతుంది, అది తగ్గేకొద్దీ చిరునామాలు పెరుగుతాయి.

అతిథులకు మాత్రం /23 ఎందుకని మీరు అడగవచ్చు. నలభై గదుల్లో గదికి నలుగురు చొప్పున నూట అరవై ఫోన్లు వస్తాయి. పెరటాసి శనివారాల్లోనూ బ్రహ్మోత్సవాల రోజుల్లోనూ ఉదయం ఒక బృందం ఖాళీ చేయగానే మధ్యాహ్నానికి మరో బృందం దిగుతుంది. సిస్కో రౌటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలను తనంతట తాను పంచే పద్ధతి) ద్వారా చిరునామాను మామూలుగా ఒక రోజుకు ఇస్తుంది కాబట్టి, వెళ్ళిపోయిన నూట అరవై ఫోన్ల చిరునామాలు ఇంకా విడుదల కాకముందే కొత్తగా నూట అరవై ఫోన్లు వాటి కోసం నిలబడతాయి. అవి మూడు వందల ఇరవై. /24లో వాడుకకు వచ్చేవి 254. చిరునామా దొరకని ఫోను ఒక్కోసారి వైఫైకి కలిసినట్టే కనిపిస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు, తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. /23లో 510 చిరునామాలు ఉంటాయి. దానికి తోడు లీజును, అంటే చిరునామా ఇచ్చే గడువును, ఎనిమిది గంటలకు తగ్గిస్తే రద్దీ రోజుల్లో కూడా ఇబ్బంది రాదు. రాత్రంతా క్యూలో నిలబడి వచ్చిన మనిషి ఇంటికి ఫోను చేసి మాట్లాడుకునే వైఫై అది. దీన్ని నేను చిన్న విషయంగా ఎంచను.

మరొక నిర్ణయం కూడా కాగితం మీదే తీసుకోవాలి: కెమెరాలు, ఎన్వీఆర్ ఒకే వీలాన్‌లో ఉండాలి. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే పదహారు కెమెరాలవి 64 మెగాబిట్లు అవుతాయి. ఎన్వీఆర్‌ను ఆఫీసు వీలాన్‌లో పెడితే ఆ భారమంతా రాత్రింబవళ్ళు రౌటర్ కేబుల్ మీదుగా ఒకసారి పైకి, ఒకసారి కిందికి ప్రయాణిస్తుంది. ఒకే వీలాన్‌లో ఉంటే అది స్విచ్ లోపలే తేలిపోతుంది. ఎవరైనా కూర్చుని చూసినప్పుడు మాత్రమే ఆ కొద్ది భాగం రౌటర్‌ను దాటుతుంది.

స్విచ్

మొదట వీలాన్‌లను సృష్టించండి. కన్ఫిగరేషన్ మోడ్‌లోకి వెళ్ళి ‘వీలాన్ 10’, ఆ తరువాత ‘నేమ్ ఆఫీస్’ అని ఇవ్వండి; 20, 30, 99లకూ అలాగే చేయండి. ఎవరూ వాడని వీలాన్ 999ని కూడా ఒకటి సృష్టించండి, దాని అవసరం కాసేపట్లో వస్తుంది.

తరువాత పోర్టులను పంచాలి. ఆఫీసుకు 1 నుంచి 6 వరకు అనుకుంటే, ‘ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/1 - 6’ అని లోపలికి వెళ్ళి, ‘స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్’, ‘స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 10’ అని ఇవ్వండి. అతిథుల వైఫై పాయింట్లకు, కెమెరాలకు, ఎన్వీఆర్‌కు కేటాయించిన పోర్టులకు కూడా ఇదే పద్ధతి, సంఖ్య మాత్రం మారుతుంది. మిగిలిపోయిన పోర్టులను ‘షట్‌డౌన్’ చేయండి.

రౌటర్‌కు వెళ్ళే పోర్టు, మన ఉదాహరణలో 24వది, ట్రంక్ కావాలి, అంటే అన్ని వీలాన్‌ల ఫ్రేమ్‌లనూ ట్యాగ్‌లతో మోయాలి. అక్కడ ‘స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్’, ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ నేటివ్ వీలాన్ 999’, ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 10,20,30,99’, ‘స్విచ్‌పోర్ట్ నోనెగోషియేట్’ అని వరుసగా ఇవ్వండి. సిస్కో సొంత ఐఎస్ఎల్ పద్ధతి కూడా తెలిసిన కొన్ని పాత స్విచ్‌లు, ముందుగా ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ’ అని చెప్పనిదే ట్రంక్ మోడ్‌ను ఒప్పుకోవు. ట్రంక్‌లో ట్యాగ్ లేకుండా వచ్చే ఫ్రేమ్‌లన్నీ నేటివ్ వీలాన్‌కు చెందుతాయి. మామూలుగా అది వీలాన్ 1. దాన్ని ఎవరూ లేని 999కి మార్చి, అనుమతి జాబితాలో చేర్చకుండా వదిలితే, ట్యాగ్ లేని ఫ్రేమ్‌లకు ఎక్కడికీ దారి ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. తరువాత ఎప్పుడైనా కొత్త వీలాన్ 40ని ట్రంక్‌లో చేర్చవలసి వస్తే ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ యాడ్ 40’ అనాలి. ‘యాడ్’ అనే మాట వదిలేస్తే పాత జాబితా పూర్తిగా చెరిగి 40 ఒక్కటే మిగులుతుంది. ఒక లాడ్జిలో దూరం నుంచి లాగిన్ అయి నేను ఈ పొరపాటు చేశాను. నేను వాడుతున్న వీలాన్ 99 కూడా జాబితాలోంచి పోవడంతో నా లాగిన్ అక్కడికక్కడే తెగిపోయింది. కన్సోల్ కేబుల్ (పరికరానికి నేరుగా కలిపి సరిచేసే కేబుల్) తీసుకుని ఆ రాత్రే లాడ్జికి వెళ్ళి సరిచేసేదాకా కౌంటరులో బిల్లింగ్ ఆగిపోయి, జనం సామాన్లతో నిలబడవలసి వచ్చింది. అప్పటి నుంచి దూరం నుంచి ఏ మార్పు చేసినా ముందు ఉన్న కన్ఫిగరేషన్‌ను సేవ్ చేసి, ‘రీలోడ్ ఇన్ 10’ ఇచ్చిన తరువాతే మొదలుపెడుతున్నాను. మార్పు బెడిసి సంబంధం తెగితే పది నిమిషాల్లో పరికరం తనంతట తాను తిరిగి లేచి, సేవ్ చేసిన పాత స్థితికి వస్తుంది. అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ చెబితే చాలు. మీరు కూడా ఇలాగే చేయమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

స్విచ్‌కు సొంత చిరునామా కోసం ‘ఇంటర్‌ఫేస్ వీలాన్ 99’లో 192.168.99.2 ఇచ్చి, ‘ఐపీ డిఫాల్ట్-గేట్‌వే 192.168.99.1’ అని చెప్పండి.

రౌటర్

స్విచ్‌కు కలిసిన పోర్టు గిగాబిట్‌ఈథర్నెట్ 0/0, ఇంటర్నెట్ వైపు పోర్టు 0/1 అనుకుందాం. 0/0కు చిరునామా ఇవ్వకండి, ‘నో షట్‌డౌన్’ మాత్రం తప్పక ఇవ్వండి. అసలు పోర్టు మూసి ఉంటే దాని కింది సబ్‌ఇంటర్‌ఫేస్‌లు ఏవీ లేవవు.

ఇప్పుడు ‘ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0.10’ అని సృష్టించి, ‘ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 10’, ఆ తరువాత ‘ఐపీ అడ్రస్ 192.168.10.1 255.255.255.0’ ఇవ్వండి. ఈ వరుస ముఖ్యం. ఎన్‌క్యాప్సులేషన్ చెప్పకముందే చిరునామా ఇస్తే రౌటర్ తిరస్కరిస్తుంది. చుక్క తరువాతి 10 కేవలం పేరు లాంటిది, ట్యాగ్‌ను నిర్ణయించేది ఎన్‌క్యాప్సులేషన్ పక్కనున్న 10 మాత్రమే. అయినా రెండింటినీ ఒకటిగానే ఉంచండి, లేకపోతే మీ తరువాత వచ్చే మనిషి తికమకపడతాడు. ఇలాగే 0/0.20కి 192.168.20.1ని 255.255.254.0 మాస్కుతో (ఇది /23నే మరోలా రాయడం), 0/0.30కి 192.168.30.1ని, 0/0.99కి 192.168.99.1ని ఇవ్వండి. ఈ నాలుగూ రౌటర్‌కు నేరుగా కలిసిన నెట్‌వర్క్‌లు కాబట్టి, వాటి మధ్య దారి కోసం చేతితో రాసే స్టాటిక్ రూట్ గాని, రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకునే రౌటింగ్ ప్రోటోకాల్ గాని అక్కర లేదు.

అతిథులకు చిరునామాలు పంచడానికి, ముందు ‘ఐపీ డీహెచ్‌సీపీ ఎక్స్‌క్లూడెడ్-అడ్రస్ 192.168.20.1 192.168.20.10’ అని మొదటి పదింటిని పక్కన పెట్టి, ‘ఐపీ డీహెచ్‌సీపీ పూల్ గెస్ట్స్’ తెరిచి, ‘నెట్‌వర్క్ 192.168.20.0 255.255.254.0’, ‘డిఫాల్ట్-రౌటర్ 192.168.20.1’, ‘డీఎన్ఎస్-సర్వర్ 8.8.8.8’, ‘లీజ్ 0 8’ అని ఇవ్వండి. ఆఫీసుకు మరో పూల్ చేయండి. కెమెరాలకు, ఎన్వీఆర్‌కు చిరునామాలను చేతితోనే స్థిరంగా ఇవ్వడం మేలు. మన ఉదాహరణలో ఎన్వీఆర్‌ది 192.168.30.10.

ఇంటర్నెట్ కోసం 0/1 మీద ‘ఐపీ న్యాట్ అవుట్‌సైడ్’, ఇంటర్నెట్ అవసరమైన ప్రతి సబ్‌ఇంటర్‌ఫేస్ మీద ‘ఐపీ న్యాట్ ఇన్‌సైడ్’ ఇచ్చి, ఓవర్‌లోడ్ న్యాట్‌ను (అందరూ ఒకే బయటి చిరునామాతో ఇంటర్నెట్‌కు వెళ్ళే ఏర్పాటును), డిఫాల్ట్ రూట్‌ను (తనకు తెలియని చిరునామాలన్నిటికీ రౌటర్ చూపే దారిని) పెట్టండి. ‘ఇన్‌సైడ్’ను సబ్‌ఇంటర్‌ఫేస్‌ల మీద కాక అసలు పోర్టు మీద పెట్టి ఇంటర్నెట్ రావడం లేదని వెతుక్కునేవారు చాలామంది.

తలుపులు వేయక ముందు పరీక్ష

యాక్సెస్ లిస్టులు పెట్టకముందే దారి సరిగా ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే రెండూ కలిసిపోయాక తప్పు ఏ వైపుందో తేల్చుకోవడం కష్టం. స్విచ్ మీద ‘షో వీలాన్ బ్రీఫ్’ ఇచ్చి పోర్టులు సరైన వీలాన్‌లో ఉన్నాయా అని చూడండి. ట్రంక్‌గా మారిన 24వ పోర్టు ఆ జాబితాలో కనిపించదు, కంగారు పడకండి. దాన్ని ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’లో చూడాలి. అక్కడ వీలాన్‌ల జాబితాలు వరుసగా మూడు ఉంటాయి. మొదటి దానిలో మీరు అనుమతించినవి, రెండవ దానిలో వాటిలో నిజంగా స్విచ్‌లో ఉన్నవి, మూడవ దానిలో ఇప్పుడు ప్యాకెట్లను పంపుతున్నవి ఉంటాయి. ఒక వీలాన్ మొదటి దానిలో ఉండి రెండవ దానిలో లేకపోతే, దాన్ని సృష్టించడం మరిచిపోయారన్నమాట.

రౌటర్ మీద ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’, ‘షో ఐపీ రూట్’ చూడండి. ఆ తరువాత ఆఫీసు కంప్యూటరు నుంచి ముందు 192.168.10.1కి, తరువాత 192.168.30.1కి, చివరగా ఎన్వీఆర్ 192.168.30.10కి పింగ్ చేయండి. మధ్యలోని పరీక్ష విజయవంతమైందని నిశ్చింతపడటం చాలామంది చేసే తప్పు. అసలు పోర్టు లేచి ఉన్నంత కాలం సబ్‌ఇంటర్‌ఫేస్ కూడా లేచినట్టే చూపుతుంది. ట్రంక్‌లో వీలాన్ 30కి అనుమతి లేకపోయినా 192.168.30.1 జవాబిస్తుంది, ఎందుకంటే ఆ జవాబు రౌటర్ లోపలి నుంచే వస్తుంది, వీలాన్ 30 కేబుల్‌ను తాకదు. అవతలి యంత్రం జవాబిచ్చినప్పుడే దారి పూర్తయినట్టు.

అవతలి యంత్రం జవాబివ్వకపోతే, ముందు దాని డిఫాల్ట్ గేట్‌వే చూడండి. స్థిర చిరునామా ఇచ్చిన కెమెరాల్లో ఈ గడి ఖాళీగా ఉండిపోవడం తరచుగా జరుగుతుంది. అది విండోస్ కంప్యూటరు అయితే, దాని ఫైర్‌వాల్ వేరే సబ్‌నెట్ నుంచి వచ్చే పింగ్‌ను అడ్డుకోవచ్చు కాబట్టి, నెట్‌వర్క్‌ను తప్పుపట్టే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

యాక్సెస్ లిస్టులు

యాక్సెస్ లిస్టును రౌటర్ పైనుంచి కిందికి చదువుతుంది, మొదట సరిపోయిన వాక్యం దగ్గరే ఆగిపోతుంది, ఏదీ సరిపోకపోతే ప్యాకెట్‌ను పారేస్తుంది. అతిథుల లిస్టుకు మూడు వాక్యాలు చాలు. ‘ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్ గెస్ట్-ఇన్’ తెరిచి, మొదట ‘పర్మిట్ యూడీపీ ఎనీ ఎనీ ఈక్యూ 67’, తరువాత ‘డినై ఐపీ ఎనీ 192.168.0.0 0.0.255.255’, చివర ‘పర్మిట్ ఐపీ ఎనీ ఎనీ’ రాయండి. ఇందులో 67 చిరునామా అడిగే డీహెచ్‌సీపీ అభ్యర్థనలకు గుర్తు, ‘192.168.0.0 0.0.255.255’ అంటే 192.168తో మొదలయ్యే చిరునామాలన్నీ. దాన్ని 0/0.20 మీద ‘ఐపీ యాక్సెస్-గ్రూప్ గెస్ట్-ఇన్ ఇన్’ అని తగిలించండి. ‘ఇన్’ అంటే రౌటర్‌లోకి వస్తున్నవి. రౌటర్ లోపల మీరు నిలబడి చూస్తున్నట్టు ఊహించుకుంటే దిశ తప్పదు.

మొదటి వాక్యం లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడం మంచిది. ఫోను మొదటిసారి చిరునామా అడిగేటప్పుడు అందరికీ కేకవేసి అడుగుతుంది కాబట్టి అది రెండవ వాక్యానికి చిక్కదు; కాని లీజు సగం గడిచాక నేరుగా 192.168.20.1కే వచ్చి పొడిగించమంటుంది, ఆ అభ్యర్థన రెండవ వాక్యం దగ్గర ఆగిపోతుంది. ఆ రెండవ వాక్యం ఆఫీసును, కెమెరాలను, రౌటర్ సొంత చిరునామాలను, 192.168తో మొదలయ్యే చిరునామా ఉంటే ఇంటర్నెట్ పెట్టె లాగిన్ పేజీని కూడా ఒక్కసారిగా అతిథులకు మూసివేస్తుంది.

కెమెరాలవైపు లిస్టు మరింత బిగువుగా ఉండాలి. ‘పర్మిట్ టీసీపీ 192.168.30.0 0.0.0.255 192.168.10.0 0.0.0.255 ఎస్టాబ్లిష్డ్’ అన్న వాక్యం, ఆఫీసు నుంచి మొదలైన సంభాషణకు జవాబులను మాత్రమే అనుమతిస్తుంది. కెమెరా తనంతట తాను ఆఫీసు కంప్యూటరును పలకరించలేదు. పింగ్ జవాబుల కోసం ‘పర్మిట్ ఐసీఎంపీ ఎనీ ఎనీ ఎకో-రిప్లై’ చేర్చండి. యజమాని ఇంటి నుంచి ఫోనులో చూడాలని కోరితే, ముందు ‘డినై ఐపీ ఎనీ 192.168.0.0 0.0.255.255’, ఆ తరువాత ‘పర్మిట్ ఐపీ హోస్ట్ 192.168.30.10 ఎనీ’ అని రాసి, ఎన్వీఆర్‌కు ఒక్కదానికే ఇంటర్నెట్ ఇవ్వండి. విడి కెమెరాలకు ఇవ్వవద్దు. ఈ లిస్టును 0/0.30 మీద ‘ఇన్’గానే పెట్టాలి.

ఈ లిస్టులు చేయలేని పని ఒకటుంది. ఒక గదిలోని ఫోను పక్క గదిలోని ఫోనుతో మాట్లాడితే ఆ మాట రౌటర్‌దాకా రానే రాదు, ఇద్దరూ వీలాన్ 20లోనే ఉన్నారు. దాన్ని ఆపాలంటే వైఫై పాయింట్లలో ‘క్లయింట్ ఐసోలేషన్’ ఆన్ చేయాలి. రెండు పాయింట్ల మధ్య కూడా ఆపాలంటే వాటికి కేటాయించిన స్విచ్ పోర్టుల మీద ‘స్విచ్‌పోర్ట్ ప్రొటెక్టెడ్’ ఇవ్వాలి.

ఇప్పుడు అతిథుల వైఫైకి మీ ఫోను కలిపి, ఎన్వీఆర్ చిరునామాను, రౌటర్ చిరునామాను తెరవడానికి ప్రయత్నించండి. రెండూ విఫలమై, ఇంటర్నెట్ మాత్రం రావాలి. ‘షో యాక్సెస్-లిస్ట్స్’ ఇస్తే ప్రతి వాక్యం పక్కన ఎన్ని ప్యాకెట్లు దానికి తగిలాయో కనిపిస్తుంది. మీ ప్రయత్నాలతో పాటు ‘డినై’ పక్కన అంకె పెరుగుతూ ఉంటే లిస్టు సరైన చోట ఉన్నట్టే.

కేబుల్ ఎంత మోస్తుంది

వీలాన్‌ల మధ్య వెళ్ళే ప్రతి బైటూ ఈ ఒక్క కేబుల్ మీద వచ్చి, ఇదే కేబుల్ మీద తిరిగి వెళుతుంది. అతిథుల ఇంటర్నెట్ కూడా దీని మీదుగానే నడుస్తుంది. గిగాబిట్ పోర్టు ఉంటే నలభై గదుల లాడ్జికి ఇది చాలు. 100 మెగాబిట్ల పాత పోర్టుతో మాత్రం మొదలుపెట్టకండి. ఈ కేబుల్, ఈ రౌటర్ రెండింటిలో ఏది పోయినా అన్ని వీలాన్‌ల మధ్య దారి ఒకేసారి మూతపడుతుంది కాబట్టి, తయారుగా ఒక కేబుల్‌ను ర్యాక్‌లోనే ఉంచండి. వీలాన్‌ల మధ్య పెద్ద ఫైళ్ళు రోజంతా తిరిగే కాలేజీ లేదా ఆసుపత్రి అయితే, స్విచ్ లోపలే రౌటింగ్ చేసే లేయర్ 3 స్విచ్ కొనడం మంచిది.

చివరగా స్విచ్ మీద, రౌటర్ మీద రెండింటిలోనూ ‘కాపీ రన్నింగ్-కన్ఫిగ్ స్టార్టప్-కన్ఫిగ్’ ఇవ్వండి. లేకపోతే తరువాతి కరెంటు కోతకు మీ పని చాలావరకు చెరిగిపోతుంది. ఆపైన యజమానిని అడిగి, ఆయన ఎదుటే కరెంటు మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి వేయించండి. అన్నీ లేచాక ఎన్వీఆర్ దృశ్యం, బిల్లింగ్, అతిథుల వైఫై మూడింటినీ మళ్ళీ చూసుకుని, ఏ పోర్టు ఏ వీలాన్‌దో రాసిన కాగితాన్ని ర్యాక్ తలుపు లోపలివైపు అతికించండి.